ట్యూనింగు చేయించిన పిమ్మట మొరాయించు బండి

పాత పెట్రోలు పికప్పు బండ్లను నేటికిని విడువక వాడుకొనుచున్న కర్షకులు మన ప్రాంతమున కొందఱు గలరు. జీపు నమూనాపై మన దేశమున తయారైన ఈ బండ్లలో నలువది యేండ్లు దాటినవి సైతము కూరగాయల గంపలను సంతకు చేర్చుచు, ఎరువుల బస్తాలను గోదామునుండి పొలము గట్టునకు తెచ్చుచు యజమానుల అక్కఱ తీర్చుచున్నవి. వీని విషయమున మాకు తఱచుగ వినవచ్చుచున్న మొఱ యొకటి కలదు. బండి ఒక మోస్తరుగ నడచుచుండెను. పంట చేతికి వచ్చులోపల సరిచేయించి యుంచుకొందమని షెడ్డునకు తోలి ట్యూనింగు చేయించిరి. ఇంటికి తెచ్చినది మొదలు ఇంజను వణకుచున్నది, మిస్సు కొట్టుచున్నది, బరువుతో మిట్ట యెక్కలేకున్నది. మరల షెడ్డునకు పోయినచో, "ఇంజను అరిగిపోయినది, దించి బోరు చేయింపవలెను" అను తీర్పు వెలువడుచున్నది.

ఈ తీర్పును వెంటనే శిరసావహింపరాదని మా యభిప్రాయము. ఇంజను దించుట యనగా చిన్న వ్యయము గాదు. పాత బండి వెలలో సగము దానికే పోవును. అప్పు చేసి బోరు చేయించిన పిదపకూడ ఆ వణకు అట్లే నిలిచినచో, మోసపోయితిమని గ్రహించి రైతు ఆ బండిని పాత ఇనుము వెలకు అమ్ముకొనుట జరుగుచున్నది. బండి పోయిన రైతు సంతకు సరకు పంపుటకు కిరాయి వానిపై ఆధారపడవలెను. కిరాయి వాడు తనకు వీలైన వేళకు వచ్చును గాని టమాటాలు పండిన వేళకు రాడు గదా.

సిలిండర్లును పిస్టను రింగులును ఒక్క దినమున అరుగవు. వేల మైళ్ల నడకలో కొంచెము కొంచెముగ అరుగును. నిన్న షెడ్డుదాక తిన్నగ నడచిన ఇంజను నేడు షెడ్డునుండి వణకుచు వచ్చినచో, ఈ రెండింటి నడుమ చేయి పడిన వస్తువులనే ముందుగ శంకింపవలెను. లాడములు వేయించిన మఱునాడు ఎద్దు కుంటినచో ఏ రైతును దానికి ముసలితనము వచ్చినదని తలంపడు. కాలెత్తి లాడము చూచును. ఇంజను విషయమునను చేయవలసినది అదియే. అరిగిన ఇంజనులు లేవని మేమనుట లేదు. ఉన్నవి. కాని అరుగుదలను కొలిచి తెలిసికొనవలెను గాని కంఠస్వరమునుబట్టి తీర్పు చెప్పరాదు. ఆ కొలత సంగతి ముందు చెప్పెదము.

పెట్రోలు బండికి ట్యూనింగు అనగా సాధారణముగ ప్లగ్గులు, పాయింట్లు, కండెన్సరు మార్చుట, డిస్ట్రిబ్యూటరు మూతను తీగలను తుడిచియో మార్చియో పెట్టుట, టైమింగు కట్టుట, కార్బురేటరు విప్పి కడుగుట, టాపెట్లు సరిచేయుట. చేయి పడిన చోట్లు ఇన్నియే. తప్పు వీనిలోనే యుండుటకు అవకాశ మెక్కువ.

మొదట చేయవలసినది వినుట. ఇంజను వేడెక్కిన పిదప బండిని నిలిపి, స్లో మీద నడువనిచ్చి, సైలెన్సరు గొట్టమునకు కొంచెము దూరముగ అరచేయి యొడ్డి చూడవలెను. క్రమము తప్పక నాలుగు దెబ్బలలో ఒక దెబ్బ ఖాళీగ పోవుచున్నచో ఒక సిలిండరు పనిచేయుట లేదని యర్థము. క్రమమేమియు లేక తోచినపుడెల్ల తడబడుచున్నచో దోషము నాలుగింటికిని ఉమ్మడియైన దానిలో నుండును: పాయింట్లు, కండెన్సరు, కాయిలు, కార్బురేటరు, గాలి దొంగతనముగ చొరబడు సందు, వీనిలో నేదో యొకటి.

ఒక సిలిండరు చచ్చినదని తోచినపుడు అది యేదో కనుగొనుట సులభము. రబ్బరు పిడి గల పట్టకారుతో ఒక్కొక్క ప్లగ్గు తీగను ఊడదీసి చూడవలెను. పనిచేయుచున్న సిలిండరు తీగ తీసినపుడు ఇంజను మఱింత క్రుంగును. చచ్చిన దాని తీగ తీసినపుడు భేదమేమియు నుండదు. ఊడదీసిన తీగ కొనను ఇంజను ఇనుమునకు దగ్గఱగ నుంచవలెను. గాలిలో వ్రేలాడనిచ్చిన కాయిలునకు చెఱుపు. ఎక్కడనైన పెట్రోలు చెమ్మ గనబడినచో ఈ పని అసలే చేయరాదు.

ఒకటి గాక రెండు సిలిండర్లు చచ్చినట్లు తేలినచో తీగల వరుసను చూడుడు. ఈ జీపు ఇంజనులో నిప్పు పడు వరుస 1-3-4-2. ఒకటవ పిస్టనును నాలుగవదియు కలిసి పైకి వచ్చును. రెండవదియు మూడవదియు కలిసి వచ్చును. డిస్ట్రిబ్యూటరు లోపలి రోటరు ఏ దిక్కునకు తిరుగునో ఆ దిక్కుననే మూతపై తీగలను ఈ వరుసలో గుచ్చవలెను. దిక్కు గమనింపక వరుసను మాత్రము కంఠస్థము చేసిన కుఱ్ఱవాడు ఎదురు దిక్కున గుచ్చినచో నేమగును? 1, 4 తీగలు సరియైన చోటనే యుండును. 2, 3 మాత్రము తారుమారగును. ఇంజను రెండు సిలిండర్లపై నడచుచు, మిగిలిన రెండింటిలో నిప్పు వేళగాని వేళ పడి, కార్బురేటరు నోటనుండి టపటప మనుచుండును. ఇంజను ఆగక నడచుచుండుటచే తీగలు సరిగనే యున్నవని భ్రమ కలుగును. ఇందులకై మూత తీసి ఇంజనును చేతితో త్రిప్పి, రోటరు ఏ వైపునకు పోవుచున్నదో కన్నులార చూచిన పిదపనే తీగలు గుచ్చవలెను. మూత తన గాడిలో సరిగ కూర్చున్నదా, దానిలోపల సన్నని పగులు నల్లగీతవలె కనబడుచున్నదా యనియు అప్పుడే చూడవచ్చును. పాత తీగలైనచో చీకటి పడిన పిదప బానెటెత్తి చూడుడు. నిప్పు కారిపోవు చోట నీలి మెఱుపు కనబడును.

ఇక పాయింట్లు. మెకానికులు డెల్కో యని పిలుచు డిస్ట్రిబ్యూటరులో నుండు ఈ చిన్న మీటయే ఇంజనునకు గుండెకాయ. దీని సందు ఈ ఇంజనునకు 0.020 అంగుళము, అనగా సుమారు అర మిల్లీమీటరు. సందునకును టైమింగునకును గల సంబంధము పలువురు మఱచుచున్నారు. సందు పెరిగినచో పాయింట్లు ముందుగ తెఱచుకొనును, నిప్పు ముందుగ పడును, తగ్గినచో వెనుకబడును. కావున ముందు సందు, పిదప టైమింగు. టైమింగు కట్టిన పిదప ఎవరైన సందును ముట్టిరా, మరల టైమింగు కట్టక తప్పదు. ఈ ఇంజనునకు తయారీదారులు చెప్పిన టైమింగు పిస్టను శిఖరము చేరుటకు 5 డిగ్రీలు ముందు. చెవితో విని కట్టెదనను వారిని మేమెఱుగుదుము. వారిలో నేర్పరులు గలరు, కాని అందఱును నేర్పరులు గారు.

కొత్త పాయింట్లకు తుప్పు పట్టకుండ పూసిన నూనె పొర యుండును. దానిని శుభ్రమైన గట్టి కాగితముతో తుడువక బిగించినచో నిప్పు బలహీనమగును. ఫీలరు గేజికి అంటిన నూనెయు ఇట్టి చెఱుపే చేయును. మఱియొక సంగతి యేమనగా, కొత్త పాయింట్ల ఫైబరు మడమ మొదటి కొన్ని వందల కిలోమీటర్లలో త్వరగ అరిగి సందు దానంతట తగ్గును. మొదటి వారము చక్కగ నడచి రెండవ వారమున మందగించిన బండికి కారణము తఱచుగ ఇదియే. అయిదు వందల కిలోమీటర్ల పిదప సందును మరల చూడవలెనని ఏ షెడ్డువాడు చెప్పి పంపుచున్నాడు?

కండెన్సరు విషయమున మేము ప్రత్యక్షముగ చూచిన యొక బండి సంగతి చెప్పెదము. టమాటా సాగు చేయు సభ్యు డొకరు కోతలకు ముందు తన పికప్పునకు ట్యూనింగు చేయించిరి. తిరిగి వచ్చిన బండి స్లో మీద కుదురుగనే యుండెను గాని, బరువు వేసి వేగము పెంచినంతనే తడబడుచుండెను. షెడ్డువారు మొదట కార్బురేటరు మరల కడిగిరి, పిదప పెట్రోలు పంపు మార్చిరి, తుదకు ఇంజను దింపవలె ననిరి. బయానా ఇచ్చుటకు ఆయన సిద్ధపడెను. సాయంకాలము డిస్ట్రిబ్యూటరు మూత తీసి, ఇంజనును త్రిప్పుచు చూడగ, పాయింట్లు తెఱచుకొనునపు డెల్ల తెల్లని మెఱుపు గట్టిగ మెఱయుచుండెను. బిగించి పది దినములైన కాని పాయింట్ల మొగము అప్పుడే కాలి గుంటలు పడెను. పాయింట్లు తెఱచుకొను క్షణమున విద్యుత్తు ఆ సందును దుముకబోవును. కండెన్సరు దానిని తనలో నిముడ్చుకొని దుముకనీయక ఆపును. అట్లాగినపుడే కాయిలులో బలమైన నిప్పు పుట్టును. ఇచ్చట కండెన్సరు చేయవలసిన పని చేయుట లేదని ఆ మెఱుపే చెప్పుచుండెను. అదృష్టవశమున ఆ సభ్యుడు పొదుపరి. పాత సామానును గుడ్డలో మూటగట్టి సీటు క్రింద నుంచెను. పాత కండెన్సరును ఒక్క మరతో బిగింపగ బండి యథాప్రకారముగ నడచెను. కాలిన పాయింట్లను మాత్రము మార్చవలసి వచ్చెను.

కొత్తది గనుక మంచిదనుట మన యందఱి నమ్మకము. ఈ పాత బండ్ల సామాను విషయమున ఆ నమ్మకము చెల్లదు. అసలు తయారీ సామాను దొఱకుట యరుదై, ఎక్కడ చేసినదో తెలియనిది పెట్టెలో వచ్చుచున్న కాలమిది. ఏండ్ల తరబడి పనిచేసిన పాత కండెన్సరు తన యోగ్యతను ఋజువు చేసికొన్నది. కొత్తది ఇంకను ఋజువు చేసికొనవలసియున్నది. మూటగట్టుకొని వచ్చిన పాత సామాను మనకు చిల్లర ఇనుము గాదు, పరీక్షా సాధనము. కొత్త దానిని తీసి పాత దానిని పెట్టి చూచుటకంటె చౌకయైన పరీక్ష లేదు. అయితే ఒకసారి ఒక్క వస్తువునే మార్చవలెను. నాలుగు మార్చి బాగుపడినచో దేనివలన బాగుపడినదో తెలియదు. బాగుపడకున్నచో కొత్త తప్పు చేరినదేమో తెలియదు.

ప్లగ్గుల సంగతి కొలదిగ చెప్పిన చాలును. సందు 0.030 అంగుళము, అనగా ముప్పాతిక మిల్లీమీటరు. క్రొత్త ప్లగ్గు క్రిందపడినచో సందు మూసికొనును, లేదా పింగాణి లోపల పగులును. పగులు పైకి కనబడదు. చచ్చిన సిలిండరు ప్లగ్గును ప్రక్క సిలిండరు దానితో మార్చి చూడుడు. దోషము ప్లగ్గుతోపాటు కదలినచో ప్లగ్గుదే తప్పు.

నిప్పు సరిగనున్నదని తేలిన పిదపనే కార్బురేటరు జోలికి పోవలెను. అనుభవజ్ఞులైన పాత మెకానికులు కార్బురేటరు తప్పులని తెచ్చిన వానిలో పెక్కు నిప్పు తప్పులేయని చెప్పుదురు. మాకును అట్లే తోచుచున్నది. కార్బురేటరు విప్పి బిగించినపుడు అడుగు గాస్కెట్టు చిరిగినను, సన్నని గొట్టమొకటి తగిలింపక మఱచినను, అచ్చటినుండి లెక్కకు రాని గాలి చొరబడి స్లో మీద ఇంజను నిలువదు. ఆ యతుకులపై సబ్బునీరు కొంచెము కొంచెముగ పోయుచు చూడుడు. నీరు లోపలికి పీల్చబడి ఇంజను చప్పుడు మారినచో సందు దొరకినట్లే. స్లో మిశ్రమపు మరను మెల్లగ లోపలికి త్రిప్పి, ఆనినంతనే ఆపి, ఒకటిన్నర చుట్టు వెనుకకు త్రిప్పిన అది మొదలు పెట్టుటకు తగిన చోటు. గట్టిగ బిగించినచో సూదిమొన చెడును.

పెట్రోలును గుఱించియు ఒక మాట. 20 పాళ్ల ఇథనాలు కలిపిన పెట్రోలు మన దేశమున 2023 ఫిబ్రవరిలో బంకులకు విడుదలయినది. 2025 నాటికి దేశమంతట ఈ పాలు నిండినదని ప్రభుత్వము ప్రకటించినది. ఇథనాలు కలిసిన పెట్రోలు మండుటకు తక్కువ గాలి చాలును. పాత కార్బురేటరు జెట్టు వెనుకటి కొలతనే విడుచుటచే మిశ్రమము పలుచనగును. పాత రబ్బరు గొట్టములను ఇథనాలు మెత్తపఱచును. ట్యాంకు అడుగున ఏండ్లుగ పేరిన మడ్డిని కదలించి జెట్టులోనికి పంపును. తేమను పీల్చుకొని, ఎక్కువైనచో నీటితో కలిసి అడుగునకు దిగును. (మన చెఱకును మన మొక్కజొన్నయు మన కార్బురేటరునకే అడ్డుపడుట విచిత్రమే. అయినను వానికి గిరాకి పెరిగినందులకు మేము చింతింపము.) గొట్టములను ఇథనాలునకు తాళునట్టి వానితో మార్చుట మంచిది. కాని తర్కము మఱువరాదు. ట్యూనింగునకు ముందును ఇదే పెట్రోలుతో బండి చక్కగ నడచినచో, ట్యూనింగు మఱునాటి వణకునకు పెట్రోలును ముద్దాయిగ నిలుపుట న్యాయము గాదు.

ఇక ముందు చెప్పెదమన్న కొలత. ఈ ఇంజనులో గాలి లోపలికి తీసికొను వాల్వులు పైన హెడ్డులోను, పొగ విడుచునవి ప్రక్కను బ్లాకులోను ఉండును. చల్లగ నున్నపుడు పై వానికి 0.018, ప్రక్క వానికి 0.016 అంగుళము సందు. ప్రక్కవి చేతికందుట కష్టమగుటచే కొందఱు వానిని సరిగ కొలువక వదలుదురు, లేదా చప్పుడు పోవుటకై బిగియ గట్టుదురు. బిగిసిన వాల్వు వేడిలో పూర్తిగ మూసికొనదు. ఆ సిలిండరులో ఒత్తిడి నిలువదు. బయటికి అరిగిన ఇంజనువలె కనబడును. కావున టాపెట్లు మరల చూచిన పిదప, నాలుగు ప్లగ్గులును తీసి, ఒక్కొక్క సిలిండరు ఒత్తిడిని కంప్రెషను గేజితో కొలువవలెను. నాలుగును ఒకదానికొకటి దగ్గఱగ నుండి, మరీ తక్కువ గాకున్నచో ఇంజను దించు మాటయే లేదు. ఒకటి తక్కువైనచో దానిలో చెంచాడు నూనె పోసి మరల కొలువుడు. ఒత్తిడి పెరిగినచో రింగులో బోరో అరిగినది, పెరుగనిచో వాల్వు. అప్పుడు దించుట న్యాయము. ఈ కొలత అర గంట పని. ఇది చేయకయే బోరు చెప్పు వానికి బయానా ఇయ్యకుడు.

మన సభ్యులలో డీజిలు పికప్పు గలవారే యిప్పుడు హెచ్చు. వారికిని ఈ సూత్రమే వర్తించును. ఫిల్టరు మార్పించిన మఱునాడు ఇంజను తడబడినచో గొట్టములలో గాలి చేరినదని ముందు శంకింపవలెను. ఫిల్టరు రబ్బరు వాషరు సరిగ కూర్చున్నదా చూచి, చేతి పంపు కొట్టుచు గాలి మర వద్ద బుడగలు నిలుచువఱకు డీజిలును విడువవలెను. పాత తరహా పంపు గల ఇంజనులలో ఇంజెక్టరు గొట్టపు నట్టును ఒక్కొక్కటిగ వదులు చేసి చచ్చిన సిలిండరును కనుగొనుట కలదు. కాని నేటి కామను రైలు ఇంజనులలో ఆ పని యెన్నడును చేయరాదు. ఆ గొట్టములలో ఒత్తిడి 1000 బార్లకు మించును. చిమ్మిన డీజిలు చర్మమును చీల్చుకొని లోపలికి పోవును.

మెకానికులను దూషించుట మా యుద్దేశము గాదు. ఇంజెక్షను బండ్లపై పని నేర్చిన నేటి యువకులు పాయింట్లను చూచి యుండుటయే అరుదు. వారికి నేర్పిన పాత మేస్త్రీలు ఒక్కొక్కరుగ పని మానుకొనుచున్నారు. తెలియని పనిని తెలిసినట్లు చేయుమని వారిని నిర్బంధించుచున్నది మనమే. పాత బండ్లను వదలుకొనుటయే మేలని వాదించు సభ్యులును గలరు. చట్రము తుప్పుపట్టి, బ్రేకులు నిలువని బండిని వదలవలసినదే. అందు మాకు భేదాభిప్రాయము లేదు. మిస్సు కొట్టు ఇంజను మాత్రము బండిని వదలుటకు కారణము గాదు.

సభ్యులను మేము కోరునవి రెండు. షెడ్డున బండిని ఇచ్చునపుడే, తీసిన పాత సామానునంతయు తిరిగి ఇయ్యవలెనని చెప్పుడు. అది మీ సొత్తు. ఏయే వస్తువులు మార్చిరో, పాయింట్ల సందు, ప్లగ్గుల సందు, టైమింగు ఎంత పెట్టిరో ఒక చీటీపై వ్రాయించుకొనుడు. కొలిచిన వాడు వ్రాయుటకు వెనుదీయడు. వ్రాయుటకు సంకోచించినచో కొలువలేదని తెలిసికొనవచ్చును.

సంఘమును కోరునది యొకటి. ఫీలరు గేజి, టైమింగు లైటు, కంప్రెషను గేజి యను మూడు పరికరములను సంఘము కొని కార్యాలయమున నుంచవలెను. ఈ మూడింటి వెలయు కలిపి ఒక పికప్పు టైర్ల వెలకు చాల తక్కువ. ఒక్కొక్క రైతు కొనుట దండుగ. అందఱకును ఒకటి చాలును. మందు చల్లు యంత్రములను ఉమ్మడిగ నుంచుకొన్న రైతులకు ఇది కొత్త పద్ధతి గాదు. వచ్చు సర్వసభ్య సమావేశమున ఈ ప్రతిపాదన చర్చకు రావలెనని కోరుచున్నాము. పరికరములు తీసికొనిపోవు సభ్యుడు కొద్ది ధరావతు చెల్లించి, తిరిగి ఇచ్చునపుడు రిజిస్టరున తేదిని, బండి రకమును, తాను కనుగొన్న దోషమును, అది పోయిన విధమును వ్రాసి సంతకము చేయవలెను. ఏడాది గడచిన పిదప ఆ రిజిస్టరులోని వివరములను ఈ పత్రికలో ప్రకటించుటకు మేము సిద్ధముగ నున్నాము.